ఇరవై ఏడో అరకు రాసిచ్చిన అట్టముక్క

రాత్రి నానేసిన అనపగింజలు గిన్నెలో పెట్టుకోని, ఈ పొద్దు ఉదయం వసారాలో ఒక్కొక్కటే పితకతా కూర్చున్నాను. లోపలి గదిలో నా కోడలు తలుపు దగ్గరికేసి, కంప్యూటర్ ముందర కూర్చుని, ఏ ఊర్లలో ఉండారో ఏమో నాకు కనపడని పిల్లకాయలకు పాఠం చెప్తా ఉండింది. ఒకసారి ఇంకొక పేరుకు ఇచ్చేసినాక పాత పేరుతో మళ్ళీ అడగగూడదు, అడిగితే అది ఊరుకోదు, అని ఆ పిల్ల తాపీగా చెప్పే మాట తలుపు సందులోంచి వినపడేసరికి నా వేళ్ళు అట్నే ఆగిపోయినాయి. లేచి రెండుసార్లు తలుపు దాకా పోయినాను, రెండుసార్లు వెనక్కొచ్చి కూర్చున్నాను. పాఠం నడిచేటప్పుడు లోపలికి పోయి ఏమని చెప్పేది? ఆ ఒక్క మాట ముగ్గురికి ఎక్కించేదానికి ఈ ఇంట్లో మేము ఎట్ల అల్లాడినామో, ఎన్ని వీధులు పరిగెత్తినామో ఇప్పటి పిల్లకాయలకు చెప్తే నవ్వుతారు. మన ఈడు వాళ్ళైతే కూర్చోని వింటారని మీతో చెప్పుకుంటా ఉండాను.

మా ఇల్లు తిరుపతిలో బస్టాండు వెనకతట్టు సందులో ఉండాది. వీధి వైపు గదిని మా మామ, అంటే మా ఆయన తండ్రి, సామాన్ల గదిగా చేసుకోని బతికినాడు. కొండకు పోయే జనం చంకలో పిల్లలను, చేతిలో సంచులను మోయలేక సంచులు మా దగ్గర పెట్టిపోతారు, దర్శనమైనాక వచ్చి తీసుకోని బస్సో రైలో ఎక్కుతారు. గోడలకు నలభై కొయ్య అరలు ఉండినాయి, ఒక్కో అరకు రెండు ఇత్తడి బిళ్ళలు, రెండింటి మీదా ఆ అర అంకె కొట్టి ఉంటాది. ఒక బిళ్ళ పురికొసతో సంచికి కడతాము, రెండోది మనిషి చేతికిస్తాము. పేరు లేదు, ఊరు లేదు, రాతకోతలు లేవు. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఆ పద్ధతి భలే సరిపోయింది, ఎందుకంటే ఎవరు ఏ పొద్దు ఏ రంగు సంచి పెట్టినారో నాకు కళ్ళముందరే ఉంటాది, ఇప్పటికీ అడిగితే చెప్తాను.

మా మామకు మాత్రం జ్ఞాపకం మీద నమ్మకం లేదు, మనుషుల మీద అసలే లేదు. ఆయనకు ఉండింది ఒకటే కట్టుబాటు, ఒక సంచికి మనిషి చేతికి పోయేది ఒకటే బిళ్ళ. బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే సంచి వాళ్ళది. తమ్ముడు పెట్టి బిళ్ళ అన్నకిచ్చినాడంటే ఇంక తమ్ముడికి ఆ సంచి మీద మాటే లేదు, వాడొచ్చి నా చొక్కాలే సామీ అందులో ఉండేది అని మొత్తుకున్నా మా మామ తల తిప్పి చూసేవాడు కాదు. మధ్యలో ఎవరన్నా వచ్చి తువ్వాల తీసుకోవాలంటే, బిళ్ళ ఇప్పించుకోని వాకిలి పక్కన ఉండే మేకుకు తగిలించేవాడు. తువ్వాల తీసుకోని సంచి మళ్ళీ అరలోకి పోయినాకనే బిళ్ళ మేకు దిగేది, అంతవరకు ఎవురొచ్చినా సంచి గడప దాటేది కాదు. మొగుడికొకటి పెళ్ళానికొకటి బిళ్ళ కావాలని అడిగిన వాళ్ళను ఎందరినో వెనక్కి పంపించినాడు, వాళ్ళు తిట్టుకుంటా పోయి ఇంకొకచోట పెట్టుకునేవాళ్ళు. పదిహేడేళ్ళ దాన్ని కోడలిగా వచ్చి అదంతా చూసి, ఈయన గుండె రాయి అనుకున్నాను. ఆయన పోయినాక గది నా చేతికొచ్చింది, కట్టుబాటు కూడా నా చేతికే వచ్చింది, గొణుక్కుంటానే నడిపించినాను.

ఇంక నా కోడలి సంగతి. పెళ్ళికి ముందర బెంగుళూరులో కంప్యూటర్ పని చేసిన పిల్ల. బిడ్డ పుట్టినాక, ఆ బిడ్డకు ఊపిరి సరిగ్గా ఆడక ఆస్పత్రుల చుట్టూ తిరగతా ఐదేళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయింది. నా కొడుకు నాయుడుపేట తట్టు ఫ్యాక్టరీలో పని, వారానికొకసారి వచ్చిపోతాడు. బిడ్డ తేరుకోని బడికి పోవడం మొదలుపెట్టినాక ఈ పిల్ల మళ్ళీ పనికి పోవాలనుకునింది, కానీ ఎక్కడికి పోయినా ఐదేళ్ళు ఏం చేసినావని అడగడమే. బిడ్డను బతికించుకున్నాను అని చెప్తే అది వాళ్ళ కాగితంలో యాడ రాసుకోవాలో వాళ్ళకు తెలియదంట. ఇంటికొచ్చి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. నేను చూసి చూడనట్టు ఉండేదాన్ని.

కడాకు ఊర్లోనే కంప్యూటర్ చదువులు చెప్పే ఒకచోట, ఆ సార్ ఒక మాట అన్నాడు. కొత్త భాష ఒకటి నేర్పించాల, చెప్పేవాళ్ళు దొరకడం లేదు, ముగ్గురు కొత్త వాళ్ళను మీ ఇంటికి పంపిస్తాను, పదహైదు దినాలు చెప్పు, పదహైదో దినం పదకొండు గంటలకు నేనే వచ్చి అడుగుతాను, వాళ్ళు నోరు తెరిచి సమాధానం చెప్తే మర్నాటి నుంచి పనికి రా, చెప్పకపోతే ఇంక నన్ను అడగొద్దు. అంతే. ఆ మాట విని వచ్చిన పొద్దు నుంచి ఈ ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. ఈ వాకిలీ పోతే ఇంకే వాకిలీ లేదని ఆ పిల్లకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ భాష పేరుకు ఇంగ్లీషులో తుప్పు అని అర్థమంట. ఇంత చదువుకోని తుప్పు నేర్చుకోవడమేమి తల్లీ అని నేనంటే, ఆ పిల్ల ఆ దినాల్లో నవ్వినది అదొక్కసారే.

వచ్చిన ముగ్గురిలో ఒకరు పుత్తూరు పిల్ల, డిగ్రీ అప్పుడే ముగించింది, సన్నగా ఉంటాది, గొంతు మాత్రం పెద్దది. ఇంకొకడు పాకాల అబ్బాయి, కూర్చున్నాడంటే కాలు ఊపతానే ఉంటాడు, బల్ల కూడా ఊగతా ఉంటాది. మూడో ఆమె చంద్రగిరి నుంచి వచ్చేది, ముప్పై దాటిన ఆమె, పది సంవత్సరాలు జిరాక్సు అంగడిలో పని చేసి, ఆ అంగడి మూసేస్తే ఇట్ల వచ్చింది. వెనక గదిలో తెల్ల బల్ల ఒకటి గోడకు ఆనించి పాఠం మొదలుపెట్టినారు. నేను సామాన్ల గదిలో ఉన్నా చెవి అక్కడే ఉండేది.

మొదటి వారం బాగానే పోయింది. ఎనిమిదో దినం పాయింటర్ అనే మాట వచ్చింది, దాంతోపాటే ఓనర్‌షిప్ అనే మాట వచ్చింది, ఆడ బండి దిగబడింది. నాకు అర్థమైనంతలో చెప్తాను. కంప్యూటర్ లోపల వస్తువు ఒకచోట ఉంటాది. అది ఎక్కడుందో చెప్పే గుర్తు ఇంకొకచోట ఉంటాది. ఆ గుర్తే పాయింటర్. వస్తువు వేరే, గుర్తు వేరే. ఓనర్‌షిప్ అంటే ఆ వస్తువు ఒకసారికి ఒక పేరుదేనంట, ఇంకొక పేరుకు ఇచ్చేస్తే పాత పేరుకు దాని మీద హక్కు లేదంట. కోడలు ఇంటి అడ్రసు అని చెప్పింది, టీవీ రిమోటు అని చెప్పింది, ముగ్గురూ ఊ అని తలలు ఊపినారు. మర్నాడు వచ్చి, ఇల్లు పడగొట్టేస్తే అడ్రసు ఏమైతాది అని అడిగితే, పాకాల అబ్బాయి కాలు ఊపతా, అడ్రసూ పోతాది మేడమ్ అన్నాడు. పోదు నాయనా, నీ జోబీలో చీటీ అట్నే ఉంటాది, ఆ చీటీ పట్టుకోని పోతే అక్కడ వేరేవాడి ఇల్లు ఉంటాది, తలుపు కొడితే వాడు తన్నతాడు, అని ఈ పిల్ల గొంతు పోయేలా చెప్పింది. మళ్ళీ తలలు ఊపినారు. రాయమంటే మళ్ళీ అదే తప్పు.

పుత్తూరు పిల్లకైతే కోపమే వచ్చింది. తాను రాసింది ప్రతిసారీ ఆ కంప్యూటర్ ఎర్రగా గీతలు పెట్టి తప్పు తప్పు అంటా ఉంటే, కుర్చీ వెనక్కి నెట్టి,

"ఇదేం భాష అక్కా! ఇంకా ఏమీ చెడిపోనేలేదు, మా మేనత్త మాదిరి ముందే కసురుకుంటాది. నేను రాసింది నేనే వాడుకోగూడదా?" అనింది.

నడవక ముందే, రాసేటప్పుడే చదివి చూసి, ఇది ఒప్పుకుంటాను ఇది ఒప్పుకోను అని చెప్పేది ఒకటి ఉంటాదంట, దాన్ని కంపైలర్ అంటారంట. ఆ భాషలో అది జాస్తి మొండిదంట. ఎందుకంత మొండితనం అనేదానికి నా కోడలి దగ్గర పుస్తకంలో రాసిన సమాధానం ఉండింది, ఆ పిల్లలకు దిగే సమాధానం మాత్రం లేదు. పాఠమైనాక పెరట్లో చేతి పంపు దగ్గర నుంచి వెనక తలుపు దాకా, తలుపు దగ్గర నుంచి పంపు దాకా తిరగతానే ఉండేది. అన్నం ముందర పెడితే సగం వదిలేసి లేచేది. ఇంక ఆరు దినాలే అత్తా అనేది, ఇంక ఐదు దినాలే అత్తా అనేది.

అట్ల ఉండగా నేను మజ్జిగ తీసుకోని లోపలికి పోతే, బల్ల మీద ఒక చదరం గీసి, దాని తట్టు బాణం గుర్తు వేసి ఉండాది. ముగ్గురూ దాన్ని దయ్యాన్ని చూసినట్టు చూస్తా ఉండారు. నేను ఊరుకోలేక, ఇది అర, ఇది బిళ్ళ, అంతే గదమ్మా అన్నాను. కోడలు చేతిలో పెన్ను అట్నే పట్టుకోని నా తట్టు చాలాసేపు చూసింది. ఆ తర్వాత ముగ్గురినీ లేపి సామాన్ల గదిలోకి తోలుకొచ్చింది.

ఆ పొద్దు మధ్యాహ్నమంతా మా గదిలో ఆట మాదిరి జరిగింది. పాకాల అబ్బాయి సంచి పెట్టి బిళ్ళ తీసుకున్నాడు, బిళ్ళను చంద్రగిరి ఆమెకిచ్చినాడు, మళ్ళీ నా సంచి ఇమ్మని వచ్చినాడు, నేను మా మామ మాదిరి మొగం పెట్టి పొమ్మన్నాను. సంచి ఎంత పెద్దదైనా బిళ్ళ ఇంతే ఉంటాదని, బిళ్ళ చేతులు మారితే సంచి కదలకుండానే యజమాని మారినాడని, మేకు మీద బిళ్ళ వేలాడేటప్పుడు సంచిని చూడొచ్చు గానీ ఎత్తుకోని పోలేరని, ఒక్కొక్కటీ వాళ్ళ చేతులతో వాళ్ళే చేసి చూసినారు. పాయింటర్ అంటే ఏమో ఆ పొద్దుతో తేలిపోయింది. ఆ భాషలో వస్తువును ఇచ్చేయకుండా కాసేపు అరువు తీసుకోవడమని ఇంకొకటి ఉండాదంట, అదీ మేకుతో తేలిపోయింది. కానీ ఆ కట్టుబాటు అంత గట్టిగా ఎందుకు, ఒకరికి రెండు బిళ్ళలిస్తే మునిగిపోయేదేముంది అనేది మాత్రం ఎవరికీ ఎక్కలేదు. అందులో నా తప్పే ఉండాది. ఎందుకంటే పుత్తూరు పిల్ల అడిగినప్పుడు నేను నవ్వతా, మా మామ ఉత్త మొండాయనమ్మా, ఒక అట్టముక్క మీద అంకె రాసిస్తే ఏం పోయేది, అనేసినాను. ముగ్గురూ నవ్వినారు. నా కోడలు నవ్వలేదు.

నోటితో అన్నదాన్ని ఊరికే వదల్లేదు, చేతితో చేసి కూడా చూపించినాను. పద్నాలుగో దినం తెల్లారి గూడూరు నుంచి ఒక ముసలామె, ఆమె కొడుకు వచ్చినారు, నిమ్మకాయల వ్యాపారమంట. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి, ఇరవై ఏడో అరలో పెట్టినాను. కొడుకు మెట్లెక్కి పోతాడంట, తల్లి బస్సులో పోతాదంట, ఎవరు ముందు దిగి వస్తారో తెలియదు, ఇద్దరికీ చెరొక బిళ్ళ ఇమ్మని ఆమె నా గడ్డం పట్టుకోని అడిగింది. కొడుకు అప్పటికే ఇత్తడి బిళ్ళ తీసుకోని వీధిలోకి పోయినాడు. నేను బిస్కెట్ల అట్టపెట్టె చించి, బొగ్గుతో ఇరవై ఏడు అని పెద్దగా రాసి ఆమె చేతిలో పెట్టినాను. ఆమె కళ్ళకద్దుకోని కొంగున ముడేసుకునింది. నాకు ఎంత తృప్తిగా ఉండిందో మీకు చెప్పలేను, మా మామను గెలిచినట్టు ఉండింది.

పదహైదో దినం వచ్చింది. ఆ సార్ పదకొండు గంటలకు వస్తాడు. ఎనిమిదికల్లా గూడూరు కొడుకు దిగి వచ్చి బిళ్ళ ఇచ్చి, సంచి తీసుకోని స్టేషన్ తట్టు పోయినాడు. ఏ పొద్దుదో సంచి రంగు కూడా చెప్పగలిగే నాకు, ముందు దినమే నా చేత్తో రాసిన అట్ట గుర్తుకు రాలేదు, మనసంతా పదకొండు గంటల మీద ఉండింది. వెనకాలే ఒక హరికథల భాగవతారు వచ్చినాడు, సాయంత్రం కాణిపాకంలో కథ చెప్పాలంట, తిరుచానూరు పోయి రెండు గంటల్లో వస్తానన్నాడు. ఇరవై ఏడు ఖాళీగా, చేతికందేంత ఎత్తులో ఉండింది, ఆయన సంచి అందులో పెట్టి ఆ బిళ్ళే ఆయనకిచ్చినాను. ఊర్లో పెద్ద బట్టల అంగడి వాళ్ళిచ్చే పసుపచ్చ సంచి, ఆ దినాల్లో పదిమందిలో ఆరుమంది చేతిలో అదే, గూడూరు వాళ్ళదీ అదే.

కాఫీకి డికాక్షన్ వేద్దామని నేను లోపలికి పోయినాను. ముందుగా వచ్చిన పుత్తూరు పిల్ల నా కుర్చీలో కూర్చుని నోట్సు చూసుకుంటా ఉండింది. ఆ సమయానికి గూడూరు ముసలామె వచ్చింది. రైలుకు టైమైందని గాబరా, కంటికి సరిగ్గా ఆనదు, కొంగు ముడి విప్పి అట్ట చూపించింది. నా చేతిరాత ఆ పిల్లకు తెలుసు. ఇరవై ఏడులో ఉండేది తీసి ఇచ్చింది.

పదిగంటలకు భాగవతారు వచ్చి బిళ్ళ పెట్టినాడు. అర ఖాళీ.

పుత్తూరు పిల్ల గబుక్కున లేచింది. నేనిచ్చిన అట్టను పట్టుకోని, "అవ్వా, నువ్వు రాసింది చూసే గదా ఇచ్చినాను" అని ఒకటే మాట పదిసార్లు అనింది. భాగవతారు నెమ్మది మనిషి, గట్టిగా ఒక మాట అనలేదు గానీ, "అమ్మా, నా గజ్జెలు, పట్టు పంచె అందులోనే ఉండాయి, గజ్జెలు లేకుండా నేనేం చెప్పేది?" అని గది మధ్యలో నిలబడిపోయినాడు. లోపలి నుంచి నా కోడలు వచ్చింది. ఒక చేతిలో అట్టముక్క, ఒక చేతిలో ఇత్తడి బిళ్ళ పెట్టుకోని రెండింటినీ చూసింది. తిడతాదేమో అనుకున్నాను. తిట్టుంటే బాగుండు. పదకొండు గంటల సంగతి ఇంక వదిలేయి అత్తా, ముందు సంచి దొరకాల, అనింది. ముగ్గురినీ మూడు దిక్కులకు పంపించింది, పాకాల అబ్బాయిని బస్టాండుకు, చంద్రగిరి ఆమెను షేర్ ఆటోల దగ్గరికి, పుత్తూరు పిల్లను స్టేషన్‌కు.

ఆ గంటన్నర ఎట్ల గడిచిందో నాకు నిమిషం నిమిషం జ్ఞాపకముండాది. భాగవతారు హాల్లో అటూ ఇటూ తిరగతా ఉండాడు, గజ్జెలు లేకపోయినా కాళ్ళు తాళం వేస్తానే ఉండాయి. నేను గేటు దాకా పోతాను, వస్తాను, పొయ్యి మీద పాలు చూస్తాను, మళ్ళీ గేటుకు పోతాను. పదకొండుకు సరిగ్గా ఆ సార్ స్కూటర్ దిగినాడు. కాఫీ ఇచ్చినాను. తాగినాడు. పదకొండుంపావుకు చంద్రగిరి ఆమె ఒట్టి చేతులతో వచ్చింది, ఆమె వెనకాలే పాకాల అబ్బాయి, వాడూ ఒట్టి చేతులే. ఇంకొక పిల్ల ఏది అని సార్ అడిగితే, సంచి కోసరం స్టేషన్‌కు పోయింది సార్ అని నా కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది.

"చదువు చెప్పమని పంపిస్తే సంచులు మోయిస్తా ఉండావామ్మా?"

కోడలు నేల చూసింది. నాకు ఉండబట్టలేదు. తప్పు నాది సార్, అట్ట రాసిచ్చింది నేను, ఆ పిల్లనేమీ అనొద్దు అని ముందుకు పోయి చెప్పినాను. ఆయన నాకు నమస్కారం పెట్టినాడు, గడియారం చూసుకున్నాడు. ముప్పావుకు లేచినాడు. ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు. నా కోడలు తలుపు పట్టుకోని నిలబడి ఉండింది, ఉండమని అడగను కూడా అడగలేదు. ఐదేళ్ళు అందరినీ అడిగి అడిగి ఆ పిల్లకు అడిగే శక్తి అయిపోయిందని నాకప్పుడు తెలిసింది.

సందు మొదట్లో గలగలమని సప్పుడైంది. పుత్తూరు పిల్ల పసుపచ్చ సంచిని ఎదకు కరుచుకోని పరిగెత్తుకోని వస్తా ఉండాది, అడుగడుగుకూ లోపల గజ్జెలు మోగతా ఉండాయి. రైలు ఆలస్యమై జనం ఆగిపోయి, ప్లాట్‌ఫారం నిండా పసుపచ్చ సంచులే ఉంటే, ముసలామె తన సంచి కింద పెట్టినప్పుడు మోగిన మోతను బట్టి పట్టుకునిందంట. ఆ పిల్ల వెనకాల గూడూరు తల్లీకొడుకులు, రైలు పోతే పోయిందని, పోట్లాడుకుంటా వస్తా ఉండారు.

"నువ్వు తీసుకున్నావని నాకు కలొచ్చిందా అబ్బయా? ఒక మాట చెప్పొద్దూ!"

"నీ దగ్గర అట్ట ఉందని నువ్వు చెప్పావా మా? నాకు బిళ్ళొకటే తెలుసు!"

"ముందు ఆ అట్ట రాసిచ్చిన మహాతల్లిని చూపీయండి నాకు" అని ఆమె గడపలో కాలు పెట్టింది. నేను చెయ్యెత్తినాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అన్నీ అయినాక సార్, ఒక కాలికి చెప్పు ఉండంగానే, పుత్తూరు పిల్లను అడిగినాడు, ఇందులో తప్పు ఎవరిది అని. నేను నా పేరు చెప్తాదని ఎదురుచూసినాను. ఆ పిల్ల ఊపిరి తీసుకోని, ఈ గూడూరాయన బిళ్ళ ఇచ్చి సంచి తీసుకున్నాడు, సరే సార్, భాగవతారు ఖాళీ అరలో పెట్టినాడు, అదీ సరే, ఈమె అట్ట చూపించింది, అందులో అంకె నిజమే, నేను ఆ అంకె చూసి ఇచ్చినాను, నాదీ సరే, ఎక్కడికక్కడ అందరూ సరిగ్గానే చేసినారు, సంచి మాత్రం పోయింది, అనింది. అనేసి, తనలో తాను అనుకున్నట్టు అనింది.

"అట్ట రాసేటప్పుడే ఆపాల సార్. ఆ తర్వాత ఆపేదానికి చోటే లేదు. అందుకే అది ముందే కసురుకుంటాది."

నా కోడలు తలుపు వదిలింది.

సార్ అంతటితో ఊరుకునే మనిషి కాదు. సామాన్ల కథ బాగుండాది గానీ, ఆ భాషలో ఐదో పదో ఉత్త అంకెను ఇంకొక పేరుకు ఇచ్చినప్పుడు పాత పేరు కూడా పనిచేస్తాది గదా, అప్పుడు మీ కట్టుబాటు ఏమైంది అన్నాడు. పుత్తూరు పిల్ల అరల తట్టు తిరిగి చూసింది. ఆ సంగతి మా గదిలో లేదు, మా మామకూ తెలియదు, నాకూ తెలియదు. కోడలు పెదవి కరుచుకునింది, చెప్పకూడదు గదా. అప్పుడు, పదహైదు దినాల్లో పట్టుమని పది మాటలు మాట్లాడని చంద్రగిరి ఆమె, "అంకె చిన్నది సార్, జిరాక్సు తీసి ఇస్తాది, ఒరిజినల్ మన దగ్గరే ఉంటాది. సంచిని అట్ల ఊరికే జిరాక్సు తీయలేము గదా" అనింది.

ఆయన పెద్దగా నవ్వినాడు. చెప్పు విడిచినాడు. లోపలికి వచ్చి కూర్చుని పాకాల అబ్బాయి చేత ఒక ప్రోగ్రామ్ రాయించినాడు. వాడు రాసినాడు, అది ఎర్ర గీత పెట్టి ఒప్పుకోనని చెప్పింది, వాడు ఎవరి తట్టూ చూడకుండా కాలు ఊపడం ఆపి చదువుకున్నాడు, ఎవరికి ఇచ్చేసినాడో వెతుక్కున్నాడు, తానే దిద్దుకున్నాడు. పోయేటప్పుడు సార్ నా కోడలితో రేపు తొమ్మిదికి వచ్చేయమన్నాడు. ఆ పిల్ల సరే సార్ అని, ఆయన స్కూటర్ సందు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత లోపలికొచ్చి నా భుజం మీద మొగం పెట్టి ఏడ్చింది. భాగవతారు అప్పటికే గజ్జెల సంచితో కాణిపాకం బస్సుకు పోయినాడు, నేను ఆయనకు క్షమించమని చెప్పనేలేదు.

మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకోని ఆ పిల్ల పనికి పోతా ఉంటే గేటు దగ్గర నిలబడి చూసినాను. ఇల్లంతా ఒక్కసారి సప్పుడు లేకుండా అయిపోయింది. ఆ తర్వాత ఏళ్ళలో లాడ్జిలన్నింటిలోనూ ఇనప బీరువాలు వచ్చినాయి, ఫోన్‌లో వచ్చే అంకె కొడితే తలుపు తెరుచుకుంటాదంట. మా గది దగ్గర ఆగేవాళ్ళు తగ్గి, ఒకనాడు ఎవరూ రాక, మూసేసినాము. అరలు పీకించి అమ్మేసినాము. మా మామకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది, అది చెప్పేదానికి ఆయన లేడు, తిరిగి పొమ్మన్నప్పుడు ఆయన తిన్న తిట్లన్నీ ఇప్పుడు నాకు వేరే మాదిరి వినపడతా ఉండాయి.

నా కోడలు ఇప్పుడు పెద్ద టీచరు. పని ఇంటి నుంచే, ఒకేసారి వందమందికి చెప్తాది. మేము పదహైదు దినాలు అల్లాడిన మాటను పావుగంటలో ముగించి, అర్థమైందా అని అడుగుతాది. అందరూ అర్థమైందనే రాస్తారంట. సందేహమొస్తే ఏదో యంత్రాన్ని అడుగుతారంట, అది అడిగిన క్షణమే చెప్తాదంట, ప్రోగ్రామ్ కూడా అదే రాసిస్తాదంట, ఎర్ర గీతలు కూడా అదే దిద్దుతాదంట. మంచిదే గదమ్మా, నీకు కష్టం తగ్గింది, అన్నాను నేను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆ పుత్తూరు పిల్ల కుర్చీ వెనక్కి నెట్టి ఇదేం భాష అక్కా అని నా మీదికి లేచిందే అత్తా, ఆ లేవడం చూసి నేను దారి మార్చుకున్నాను, ఇప్పుడు ఎవరూ లేవరు, అనింది.

ఈ పొద్దు కూడా పాఠమైనాక చాలాసేపు ఆ పిల్ల లోపలే ఉండిపోయింది. తలుపు సందులోంచి చూస్తే, పాఠం ముగిసినా తెర ఆపకుండా, తపాలా బిళ్ళలంత ఉండే ఆ మొగాలను ఒక్కొక్కటే చూస్తా ఉండాది, అక్కా నాకు అర్థం కాలేదు అని ఎవరన్నా ఒకరు నోరు తెరుస్తారేమోనని.